కాగితం సమకూర్చినది నీలవేణి

మా అయ్య దాలయ్యకి అక్షరం ముక్క రాదు గాని, అక్షరమంటే అంత భక్తి ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. బొబ్బిలికి ఆరు మైళ్ళ దూరంలో, మా ఊరి హైస్కూల్లో ఆయన అటెండరు. గంట కొట్టడం, నోటీసు పుస్తకం క్లాసు క్లాసుకీ తిప్పడం, పరీక్షలొస్తే సైక్లోస్టైల్ మిషను తిప్పి ప్రశ్నపత్రాలు తియ్యడం ఆయన పని. ఆ మిషను మొదట ఓ ముప్పై కాగితాలు తిన్నగా తియ్యదు. సిరా అలికేస్తుంది, లేదంటే అచ్చు మీద అచ్చు పడుతుంది. అలా పాడైనవాటిని బడి వెనక తగలబెట్టమని హెడ్మాస్టరు గారి ఆర్డరు.

మా అయ్య తగలబెట్టేవాడు కాదు. “సరస్వతమ్మని అగ్గిలో ఎట్టమంటే నాకు సేతులు రావే,” అనేవాడు మా అమ్మతో. గోనెబస్తాలో కుక్కి, ఇంటికి తెచ్చి, మూతి బిగించి అటకెక్కించేవాడు. పరీక్షలైపోయాక గాని ముడి విప్పేవాడు కాదు. అప్పుడు ఆ కాగితాల వెనక వైపు నా లెక్కలకీ, తమ్ముళ్ళ పిచ్చిగీతలకీ పనికొచ్చేది. “పరీచ్చలవ్వకుండా ఈ బస్తా ముట్టుకున్నారంటే సేతులిరగ్గొడతాను,” అని ముగ్గురికీ చెప్పాడు. నాలుగేళ్ళు ఎవరం ముట్టుకోలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, దాలయ్య పేపర్లు అమ్ముకున్నాడని తరవాత ఊళ్ళో అన్నవాళ్ళున్నారు. వాళ్ళ నోళ్ళు పడిపోను.

అది అరవై ఎనిమిది. ఉక్కు ఫ్యాక్టరీ కావాలని గొడవలై బళ్ళు మూసేసిన రెండేళ్ళకి. నేను తొమ్మిదో తరగతి. పదో తరగతి చినబాబు దసరా సెలవలకి శ్రీకాకుళం మేనమామ ఇంటికెళ్ళి, అక్కడ కాలేజీ కుర్రాళ్ళు చేత్తో రాసి పంచుతున్న పత్రిక చూసొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి కాలు నిలవలేదు.

“మనూరికి బస్సు ఎప్పుడొస్తాదో దేవుడిక్కూడా తెల్దు. లైబ్రరీకి తాళమేసి ఏడాదైంది. హాస్టల్లో పప్పుసారులో పప్పు ఎతుక్కోవాల. ఇవన్నీ ఎవులు రాస్తారు? మనమే రాయాల,” అన్నాడు.

“రాస్తే ఎవులు సదువుతారు?” అన్నాను.

“ముందు రాయనీవే!”

పోస్టాఫీసు వీధి సుభద్ర కథలు రాస్తానంది. పత్రిక పేరు దగ్గర రెండ్రోజులు కొట్టుకుని చివరికి ‘చింతపిక్క’ అని పెట్టాం. ఎంత కొరికినా విరగదని చినబాబు ఉద్దేశం. మూడు కార్బన్లు పెట్టి గట్టిగా నొక్కి రాస్తే నాలుగు ప్రతులొస్తాయి. నాలుగోది కళ్ళజోడు ఉన్నవాడికీ కనబడదు. అలా అయిదుసార్లు రాస్తే ఇరవై. సాయంత్రాలు మా ఇంటి అరుగు మీద కూచుని మూడు వారాలు రాశాం. నా మధ్యవేలు కాయ కాసింది. ఇప్పటికీ తడిమితే తెలుస్తుంది.

కాగితం నా పూచీ. ఇంట్లో ఉన్న పాత ప్రశ్నపత్రాలే తీశాను. ఖాళీగా ఉన్న వైపు రాసి, అచ్చు ఉన్న వైపులు రెండూ లోపలికి పెట్టి గంజితో అతికించేస్తే దిట్టమైన ఒక్క ఆకు అయ్యేది. గంజి గిన్నె తీసుకెళ్తుంటే మా అమ్మ తవిటమ్మ ఊరుకునేదా?

“ఓలమ్మ! గంజి తాగడానికనుకున్నాను గాని పుస్తకాలకి పుయ్యడానికని ఇప్పుడే తెలిసింది. ఏటి సదువులే ఇవి?”

అంతా అయ్యేసరికి వంద కాగితాలు తక్కువొచ్చాయి. చినబాబు అప్పటికే బళ్ళో అందరికీ సోమవారం పత్రిక అని చెప్పేశాడు. అది శనివారం, ఒంటిపూట బడి. అమ్మ పొలంలో, అయ్య ఇంకా బళ్ళోనే. అటక మీద బస్తా ముడి నేనే విప్పాను. అందులో ఉన్నవి సెప్టెంబరు పరీక్షల్లో మిగిలినవే అనుకున్నాను. డిసెంబరు పరీక్షలకి ఇంకా నెల ఉంది మరి! కూతురి పెళ్ళి పనులున్నాయని హెడ్మాస్టరు గారు ఆ పేపర్లు నెల ముందే తీయించేశారనీ, పదో తరగతి లెక్కల పేపరు దగ్గర మిషను మొరాయించి అదొక్కటే వంద పాడయ్యాయనీ, నాకెవరు చెప్పారు? పై కట్ట తీశాను. ‘లెక్కలు’ అని కనబడింది. నెలా, ఏడూ ఉండాల్సిన చోట సిరా ముద్ద. మా బళ్ళో ఏటా అవే లెక్కలు, ఒక తొట్టిలోకి రెండు కొళాయిలు నీళ్ళొదలడం. నేను చదవనైనా చదవలేదు. బోర్లా వేసి చినబాబు చేతికిచ్చేశాను.

అట్ట మీద పేర్లు ఎర్రసిరాతో చినబాబే రాశాడు. సంపాదకుడు చినబాబు. కథలు సుభద్ర. కాగితం సమకూర్చినది నీలవేణి.

మొదటి ప్రతి అయ్యకిచ్చాను. చెయ్యి పంచెకి తుడుచుకుని అందుకుని కళ్ళకద్దుకున్నాడు. “ఇందల నీ పేరెక్కడున్నాదమ్మా?” అన్నాడు. చూపించాను. ఆ ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఆయన వేలి కింద ఉన్నది ఏమిటో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

ఆ వారమే తుఫాను పట్టింది. మూడు రోజులు ఒకటే వాన. కప్పులు కారాయి, బట్టలు ఆరలేదు, గోడలు చెమ్మెక్కాయి. గంజి బంక ఎంతని ఆగుతుంది? పదో తరగతి కుర్రాళ్ళ చేతుల్లో చింతపిక్క ఉల్లిపొరలా విడిపోయింది. ఎవడు ముందు చూశాడో గాని, పంచిన ప్రతులన్నీ తిరిగొస్తాయని మేం ఎదురుచూస్తుంటే ఒక్కటీ రాలేదు. “సూసేవా, దాసుకుని దాసుకుని సదువుతన్నారు!” అని చినబాబు పొంగిపోయాడు.

డిసెంబరు పరీక్షలయ్యాయి. పదో తరగతి లెక్కల్లో ముప్పై ఆరుమందిలో ఇరవై తొమ్మిదిమందికి తొంబై దాటాయి. మూడేళ్ళుగా ఆ తరగతిలోనే కాపురమున్న పోతురాజుకి తొంబై ఆరు. లెక్కల మాస్టారు పేపర్ల కట్ట పట్టుకుని హెడ్మాస్టరు గారి గదిలోకి పరిగెత్తారు. పోతురాజుని రెండు తగిలిస్తే వాడు లాగు జేబులోంచి విడిపోయిన చింతపిక్క తీసి బల్ల మీద పెట్టాడు. మా సంపాదకుడికి మాత్రం ముప్పై ఎనిమిది వచ్చాయి. తన పత్రికని తను తడవనివ్వలేదు పాపం.

మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచారు. అయ్య గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. హెడ్మాస్టరు జగన్నాధం గారు చెడ్డమనిషి కాదు. అప్పటికే జిల్లా ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చి, నిద్ర లేక ఆయన కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. అట్ట మీదిది పైకి చదివారు. “కాగితం సమకూర్చినది నీలవేణి. దాలయ్యా, ఈ నీలవేణి మీ అమ్మాయేనా?”

“అవునండి. నా గుంటేనండి.”

“అయ్యకేటీ తెల్దండి,” అన్నాను. “బస్తా నేనే విప్పేనండి. అయ్య సూళ్ళేదండి.”

“సిన్నపిల్లండి, దానికేటి తెలుసు?” అయ్య నా ముందుకొచ్చి నిలబడ్డాడు. “నానే తీసి ఇచ్చేనండి. తగలెట్టమన్న కాయితాలు ఇంటికి తెచ్చింది నానే. తప్పు నాదేనండి.”

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నారు. “ఇద్దరూ నేనంటే నేనంటే ఎలా? పైవాళ్ళు నన్ను ఒక్క దొంగనే అడిగారు.”

చినబాబుకి ఆరు బెత్తం దెబ్బలు, సుభద్రకి చీవాట్లు పడ్డాయి. మా ఇంటి సంగతి వేరు. హెడ్మాస్టరు గారు రెండు కాగితాలు రాసి అయ్యకిచ్చారు. ఒకదాంట్లో, ఉత్తర్వుకి విరుద్ధంగా కాగితాలు బయటికి తీసుకెళ్ళి కూతురికిచ్చింది తనేనని అయ్య ఒప్పుకుంటున్నట్టు. దాని మీద సంతకం పెడితే ఉద్యోగం పోతుంది. రెండోదాంట్లో, తనకి తెలియకుండా కూతురు తీసింది, చర్య తీసుకోండి అని. దాని మీద పెడితే బళ్ళో నా పేరు కొట్టేస్తారు, రెండేళ్ళ దాకా జిల్లాలో ఏ బడీ చేర్చుకోదు. రెండేళ్ళు ఇంట్లో కూచున్న ఆడపిల్లని ఆ తరవాత బడికి పంపేదెవరు? “మీ ఇంట్లో తేల్చుకుని రేపు పొద్దున్న ఒకటి తీసుకురా,” అన్నారు ఆయన.

మర్నాడు అమ్మ తెల్లారకుండానే వరికోతలకి వెళ్ళిపోయింది. అయ్య చేతులు కడుక్కుని, నన్ను అరుగు మీద కూచోబెట్టి, రెండు కాగితాలూ నాకిచ్చాడు.

“ఏది ఏటో సదివి సెప్పమ్మా. నా మీద ఎట్టుకున్నది ఏదో సూపించు, సంతకం ఎడతాను.”

“ఉద్యోగం పోతాదయ్యా.”

“పోనీ. కోతలకెల్తాను. మీ అమ్మ ఎల్తన్నాది కాదేటి?”

“వరి దుమ్ము తగిల్తే నీకు ఊపిరాడదు. పోయినేడు నూర్పుల్లో పడిపోలేదా? తమ్ముళ్ళిద్దరూ సిన్నోళ్ళు.”

“నాకు నువ్వు సెప్పకే.” ఆయన గొంతు తగ్గించాడు. “ఈ బళ్ళో గంట కొట్టినోడి గుంట, ఈ బళ్ళోనే పంతులమ్మ అవ్వాల. నాకింకో కోరిక నేదు. బేగి సదువు, గంట టయమవుతన్నాది.”

ఆ ఒక్క నిమిషం గురించి నేను యాభై ఏళ్ళుగా ఆలోచించి ఆలోచించి అలిసిపోయాను. నా కుడిచేతిలో ఉన్నది నా పేరు కొట్టెయ్యమన్న కాగితం. దాన్ని కళ్ళముందు పెట్టుకుని, ఒళ్ళో ఉన్న అయ్య ఒప్పుకోలు కాగితంలో మాటలు చదివాను. నిజం మీద సంతకం పెట్టించడానికి అబద్ధం చదివాను. బస్తా విప్పింది నేనే కదా! అయ్య తలూపుతూ విన్నాడు. ‘తగిన శిక్షకు సిద్ధంగా ఉన్నాను’ అనేసరికి, “అయ్యగారు మాట బాగా రాసేరు,” అన్నాడు.

“ఇదేనా?”

“ఇదేనయ్యా.”

ఉద్యోగంలో చేరినప్పుడు నేర్చుకున్న మూడు అక్షరాలూ నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని గీశాడు. మిగిలిన కాగితం ఏం చేస్తావని అడగలేదు. ఆయన వెళ్ళగానే నేను దాన్ని పొయ్యిలో పెట్టేశాను.

తరవాత జరిగింది జగన్నాధం గారే చాలా ఏళ్ళకి నాకు చెప్పారు. కాగితం చూసి ఆయన ఆశ్చర్యపోయారట. “బాగా ఆలోచించుకున్నావా దాలయ్యా?” అంటే, “ఆలోచించుకున్నానండి. నాకు బాదేటీ నేదండి,” అన్నాడట మా అయ్య. ఇలాంటి తండ్రులూ ఉంటారా అని మనసులో ఛీ అనుకుని, వెళ్ళి గంట కొట్టమన్నారట. ఇదే ఆఖరి గంట అనుకున్నాడేమో, ఆ రోజు గంట చాలాసేపు మోగింది. పిల్లలు నవ్వుకున్నారు.

మూడో పీరియడులో నోటీసు పుస్తకం బయల్దేరింది. అప్పట్లో మా బళ్ళో ఆరు నించి పదకొండు దాకా క్లాసులు. ప్రతి క్లాసులోనూ మాస్టారు నోటీసు పైకి చదివి సంతకం చేస్తారు. అంతసేపూ అయ్య పక్కన నిలబడి, పుస్తకం తీసుకుని పక్క క్లాసుకి వెళ్ళాలి. ఏళ్ళ తరబడి చేస్తున్న పని. ఆరో తరగతి మాస్టారి గొంతు మా క్లాసుకి వినబడదు. ఏడోది కొంచెం వినబడింది. ఎనిమిదోది మా గోడ పక్కనే. నా పేరు వినబడింది, అయ్య పేరు వినబడింది. నోటీసు ఆయనే మొయ్యాలన్న సంగతి నాకు తోచనే లేదు. అన్నీ ఆలోచించాననుకున్నాను, ఇదొక్కటీ ఆలోచించలేదు.

అయ్య మా గుమ్మంలోకొచ్చాడు. నా వైపు చూడలేదు. పుస్తకం మాస్టారికిచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

“తొమ్మిదో తరగతి విద్యార్థిని నీలవేణి, తండ్రికి తెలియకుండా ప్రశ్నపత్రాలు తీసినట్లు, ఆమె తండ్రి దాలయ్య స్వయంగా లిఖితపూర్వకంగా తెలిపి చర్య కోరినందున, ఈ దినము నుండి ఆమె పేరు తొలగించడమైనది.” మాస్టారు చదవడం ఆపి ఒకసారి అయ్య వంక చూశారు. సంతకం చేసి పుస్తకం మూసి ఇచ్చారు.

అయ్య తీసుకున్నాడు. పదో తరగతి, పదకొండో తరగతి ఇంకా మిగిలి ఉన్నాయి. అటే వెళ్ళాడు.

మధ్యాహ్నం హెడ్మాస్టరు గారి దగ్గరికెళ్ళి నిలబడ్డాడట. “అయ్యా, నాను ఎట్టింది ఆ కాయితం మీద కాదండి,” అన్నాడట. “ఇది నీ సంతకమేనా?” అని ఆయన చూపించారట. “నాదేనండి.” “మరి నీకెవరు చదివి పెట్టారు?” అంటే గంట టైమైందని మా అయ్య వెళ్ళిపోయాడట. కూతురు తప్పు చదివిందని ఒక్క మాటంటే చాలు, పైకి వెళ్ళాల్సిన కాగితం ఆగిపోయేది. ఆ మాట ఆయన అనలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. అమ్మకి అప్పటికే ఎవరో చెప్పారు. “నీ సేత్తోనే సంతకం ఎట్టేవా? కన్నతండ్రివేనా నువ్వు?” అని నెత్తీ నోరూ బాదుకుంది. నేనే చెప్పాను, చదివింది నేనని, మార్చి చదివానని. అమ్మ ఏడుపు చటుక్కున ఆగిపోయింది.

“ఎందుకే అలా సదివినావు?” అన్నాడు అయ్య. అరవలేదు. అరిచినా బాగుండేది.

“నీ ఉద్యోగం పోకూడదని.”

“ఊరందరూ నాకు అబద్దం సెప్తే సెప్పనీ, నాకు లెక్కనేదు. కాయితం మీద ఉన్నది ఉన్నట్టు సెప్పడానికి నాకున్నది నువ్వొక్కదానివి కాదేటే?”

ఆయన కాళ్ళ మీద పడ్డాను. లేపి, “లే, అన్నం తిను,” అన్నాడు. రెండు చెంపలు వాయించి ఉంటే నా మనసు తేలికపడేది. మా అయ్యకి కొట్టడం రాదు.

చినబాబు సంక్రాంతి వెళ్ళాక ఒకసారి వచ్చాడు. రెండో సంచిక వేద్దామా, ఈసారి కొత్త కాగితం కొంటానన్నాడు. నేను పొయ్యి ఊదుతున్నాను. తల తిప్పలేదు. వాడు వెళ్ళిపోయాడు. వాడి మీద నాకు కోపం లేదు, అప్పుడూ లేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి.

మాఘమాసంలో మా మేనత్త కూర్మమ్మ బొబ్బిలి నుంచి కార్డు రాయించింది. పోస్టుమేన్ సూరయ్య గారు గుమ్మం దగ్గరే అయ్యకిచ్చారు. నేను చేతులు తుడుచుకుని ముందుకొచ్చాను.

“ఇలాగియ్యి అయ్యా, సదువుతాను.”

“వద్దులేమ్మా, నీకు పనున్నాది కదా,” అన్నాడు. మెత్తగానే అన్నాడు. ఆ కార్డు సూరయ్య గారికే మళ్ళీ ఇచ్చి, “బాబూ, మీరు సదివీండి,” అని వీధి అరుగు మీద కూచున్నాడు.

సూరయ్య గారు నా వంక చూసి ఇబ్బందిపడ్డారు. ఏం చేస్తారు, చదివారు. అందరూ కులాసా. గేదె ఈనింది, పెయ్య. మా నీలవేణి ఎలా చదువుతోంది, పంతులమ్మ అయ్యాక అత్తని మర్చిపోవద్దని చెప్పు. సంగతి ఆవిడ దాకా వెళ్ళలేదన్నమాట. చదవడమైపోయినా సూరయ్య గారు కార్డు తిరిగివ్వలేదు. నేను తలుపు వెనకే ఉన్నానని అయ్యకి తెలుసు.

“జవాబు రాయమంటావా దాలయ్యా?”

“రాయండి బాబూ. అందరం కులాసా అని రాయండి.”

“మరి అమ్మాయి సంగతి?”

అయ్య తలొంచుకుని అరుగు మీది మట్టి గోటితో గీకాడు.

“బాగా సదువుతన్నాదని రాయండి.”

సూరయ్య గారు సంచిలోంచి కొత్త కార్డూ, చెవి మీది పెన్సిలూ తీసి, నా వైపు చూడకుండా, ఆ మాట రాశారు.